లాక్‌హీడ్ మార్టిన్: నౌకాదళ పోరాట వ్యవస్థలు, యుద్ధనౌకల రూపకల్పన

లాక్‌హీడ్ మార్టిన్ పేరు వినగానే మనవాళ్లకు విమానాలే గుర్తొస్తాయి. హైదరాబాద్ శివార్లలోని ఆదిభట్లలో టాటాలతో కలిసి ఈ సంస్థ పెట్టిన కర్మాగారంలో సీ-130జే రవాణా విమానాల తోక భాగాలు తయారవుతాయి. అమెరికా నౌకాదళంలో మాత్రం ఆ పేరుకు వేరే బరువుంది. సొంతంగా ఓడలు కట్టే రేవు ఈ సంస్థకు లేదు. అయినా 1980ల నడిమి నుంచి అమెరికా నౌకాదళంలో చేరిన క్రూజర్లు, డిస్ట్రాయర్లలో జుంవాల్ట్ తరగతి ఓడలను మినహాయిస్తే మిగతా వాటన్నిటికీ మెదడు ఇప్పుడు దీని చేతిలో ఉన్నదే. ఆ మెదడు పేరు ఏజిస్. గ్రీకు పురాణాల్లో జ్యూస్ దేవుడి డాలు పేరు అది.

ఇనుప దేహం, ఇంజన్లు, ఫిరంగులు కలిస్తే యుద్ధనౌక అనుకున్న రోజులు పోయాయి. శత్రువును కనిపెట్టే రాడార్, ఎవరు ప్రమాదకరమో తేల్చే కంప్యూటర్లు, క్షిపణిని వదిలే గొట్టాలు, వీటన్నిటినీ ఒక్క తాటిపై నడిపే సాఫ్ట్‌వేర్‌ను కలిపి పోరాట వ్యవస్థ అంటారు. ఇప్పుడు ఓడ ఖరీదులో పెద్ద వాటా దీనిదే. పోరాట వ్యవస్థను కూర్చే సంస్థ ఓడ రూపాన్ని కూడా శాసించే స్థాయికి ఎలా వచ్చింది, ఆ అధికారం ఎక్కడ ఫలించింది, ఎక్కడ బెడిసికొట్టింది అన్నదే లాక్‌హీడ్ నౌకా చరిత్రలో అసలు విషయం.

క్షిపణి మార్చిన లెక్క

1967 అక్టోబరు 21న ఈజిప్టు క్షిపణి పడవలు పోర్ట్ సయీద్ రేవు నుంచే సోవియట్ స్టిక్స్ క్షిపణులను వదిలి ఇజ్రాయెల్ డిస్ట్రాయర్ ఐలాత్‌ను ముంచేశాయి. చిన్న పడవ పెద్ద ఓడను అంత దూరం నుంచి ముంచగలదని ప్రపంచ నౌకాదళాలకు ఆ రోజు అర్థమైంది. నాలుగేళ్లకు, 1971 డిసెంబరు 4 రాత్రి, అదే జాతి క్షిపణులతో భారత నౌకాదళం కరాచీ మీద విరుచుకుపడింది. విశాఖ ఆర్కే బీచ్‌లో జనం చూస్తూ వచ్చిన నౌకాదళ దినోత్సవ విన్యాసాలు ఆ రాత్రి జ్ఞాపకమే.

నీటికి అయిదారు మీటర్ల ఎత్తున దూసుకొచ్చే క్షిపణి భూమి వంపు చాటున దాక్కుంటుంది. 20 మీటర్ల ఎత్తున ఉన్న రాడార్‌కు అది సుమారు 27 కిలోమీటర్ల దూరంలోకి వచ్చాకే కనిపిస్తుంది. ధ్వని వేగానికి కాస్త తక్కువ వేగంతో వచ్చినా ఓడను చేరడానికి దానికి పట్టేది ఒకటిన్నర నిమిషం. చూడటం, పోల్చుకోవడం, గురిపెట్టడం, కాల్చడం అంతా ఆ వ్యవధిలోనే జరగాలి.

అమెరికా నౌకలకు అప్పటికి ఉన్న టాలోస్, టెర్రియర్, టార్టార్ క్షిపణులు ఆ వేగానికి సరితూగలేదు. రాడార్ గిరగిరా తిరుగుతూ కొన్ని సెకన్లకోసారి మాత్రమే ఒక దిక్కును చూసేది. చూసినదాన్ని మనుషులు గుర్తించి, ఇంకో గురి రాడార్‌కు అప్పగించేవారు. వదిలిన క్షిపణి లక్ష్యాన్ని తాకేదాకా ఆ గురి రాడార్ దాన్నే పట్టుకుని ఉండాలి. రెండు గురి రాడార్లున్న ఓడ ఒకసారికి రెండు లక్ష్యాలతోనే పోరాడగలదు, మూడోది వస్తే చేయగలిగింది లేదు. దీన్ని సరిచేయడానికి మొదలుపెట్టిన టైఫన్ పథకం బరువు, ఖర్చు, సంక్లిష్టత భరించలేక 1963లో రద్దయింది.

గ్రామఫోన్ కంపెనీ, ఒక నౌకాధికారి

కొత్త వ్యవస్థ కాంట్రాక్టు 1969 డిసెంబరులో ఆర్‌సీఏకి దక్కింది. రేడియోలు, టీవీలు, గ్రామఫోన్ రికార్డుల కంపెనీగా జనానికి తెలిసిన సంస్థ అది. మన ఇళ్లలో హెచ్‌ఎంవీ రికార్డుల మీద కనిపించిన కుక్క బొమ్మే అమెరికాలో ఆర్‌సీఏ విక్టర్ గుర్తు కూడా. న్యూజెర్సీలోని మూర్స్‌టౌన్‌లో ఆ సంస్థకు రాడార్ల విభాగం ఉండేది. ఏజిస్ పుట్టిల్లు అదే. కదలకుండానే కిరణాన్ని తిప్పగల రాడార్ సాధ్యమేనని ప్రయోగాలతో చూపినది జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన అనువర్తిత భౌతికశాస్త్ర ప్రయోగశాల.

ఈ కథలో కంపెనీ కంటే ముందు చెప్పుకోవలసిన మనిషి వేన్ మేయర్. మిస్సోరీ రాష్ట్రంలోని బ్రన్స్‌విక్‌లో పుట్టిన నౌకాధికారి. 1970లో ఈ పథకంలోకి వచ్చి పదమూడేళ్లు దాన్ని వదల్లేదు. సాధారణంగా అధికారులు రెండు మూడేళ్లకోసారి బదిలీ అవుతుంటారు, పథకం మాత్రం కాంట్రాక్టర్ల దగ్గరే ఉండిపోతుంది. అందువల్ల జ్ఞాపకం, దాంతో పాటు పెత్తనం, కంపెనీ వైపుకు జారిపోతాయి. ఏజిస్‌లో అలా జరగలేదు. ప్రతి భాగం ఎందుకలా ఉందో కంపెనీ ఇంజనీర్లకు ఎంత తెలుసో మేయర్ బృందానికీ అంతే తెలుసు. కొంచెం కట్టి, కొంచెం పరీక్షించి, దాన్నుంచి ఎక్కువ నేర్చుకోవాలన్నది ఆయన పెట్టిన నియమం. ఏజిస్ విజయానికి కారణాలు వెతికేవాళ్లు యంత్రాల దగ్గరే ఆగిపోతారు. ఈ పదమూడేళ్ల కొనసాగింపును వాటికంటే ముందు లెక్కించాలని నా అభిప్రాయం.

1974లో నార్టన్ సౌండ్ అనే పాత ఓడ మీద మొదటి రాడార్‌ను బిగించి సముద్రంలో పరీక్షించారు. తర్వాత మూర్స్‌టౌన్‌లోనే ఒక విచిత్రమైన కట్టడం లేచింది. యుద్ధనౌక పై భాగాన్ని, రాడార్ పలకలతో, లోపలి పోరాట గదితో సహా, పొలాల మధ్య నేల మీద కట్టారు. జనం దానికి మొక్కజొన్న చేలో క్రూజర్ అని పేరు పెట్టారు. నావికులు సముద్రం చూడకముందే అక్కడ శిక్షణ పొందుతారు. ప్రతి కొత్త సాఫ్ట్‌వేరూ ఓడకెక్కకముందు అక్కడ నడవాలి. ఓడ కట్టడం పూర్తయ్యాక తప్పులు వెతికే పాత పద్ధతిని ఆ కట్టడం తలకిందులు చేసింది.

ఏజిస్ ఎలా పనిచేస్తుంది

కళ్లు ఎస్పీవై-1 రాడార్. సుమారు మూడున్నర మీటర్ల అడ్డకొలతతో ఎనిమిది పలకల ఆకారంలో ఉండే ముఖాలు నాలుగు, నాలుగు దిక్కులకూ బిగించి ఉంటాయి. ఒక్కో ముఖంలో 4 వేలకు పైగా చిన్న ప్రసార భాగాలుంటాయి. వాటి తరంగాల మధ్య కాలభేదాన్ని కంప్యూటర్ మారిస్తే కిరణం తిరుగుతుంది, ముఖం మాత్రం అంగుళం కూడా కదలదు. సెకనులో అతి చిన్న భాగంలో కిరణం ఒక మూల నుంచి ఇంకో మూలకు వెళ్తుంది. వెతకడం, పట్టుకోవడం, వెంటాడటం ఒకే రాడార్ పనులయ్యాయి. వందకు పైగా లక్ష్యాలను అది ఒకేసారి గమనిస్తుంది.

రెండో కిటుకు క్షిపణిలో ఉంది. స్టాండర్డ్-2 క్షిపణికి సొంత దిశానిర్దేశం ఉంది. దారి మధ్యలో ఓడ నుంచి సవరణలు అందుకుంటూ వెళ్లి, చివరి కొద్ది సెకన్లలోనే గురి రాడార్ కిరణం వెలుగును అడుగుతుంది. ఆ కొద్ది సెకన్లు అయిపోగానే గురి రాడార్ తర్వాతి క్షిపణికి ఖాళీ. అందుకే నాలుగు గురి రాడార్లున్న క్రూజర్, మూడే ఉన్న డిస్ట్రాయర్ కూడా, అంతకు ఎన్నో రెట్లు క్షిపణులను ఒకేసారి గాలిలో నడపగలవు. ఈ క్షిపణులను చేసేది లాక్‌హీడ్ కాదు, రేథియాన్. ఏజిస్ అంతా ఒకే కంపెనీ సరుకు అనుకోవడం పొరపాటు. లాక్‌హీడ్ వంతు వాటన్నిటినీ ఒక్కటిగా కూర్చడం.

మూడోది నిర్ణయం. ఏ దిక్కు నుంచి, ఎంత వేగంతో, ఎంత ఎత్తులో వచ్చేదాన్ని శత్రువుగా తీసుకోవాలో కెప్టెన్ ముందే నియమాలుగా రాసి పెట్టవచ్చు. అతి వేగమైన దాడి వస్తే మనిషి మీట నొక్కేదాకా ఆగకుండా వ్యవస్థే కాల్చే ఏర్పాటూ ఉంది.

రాడార్ కోసం మలిచిన ఓడలు

వ్యవస్థ సిద్ధమవుతున్నా దాన్ని ఏ ఓడలో పెట్టాలన్న వాదన ఏళ్ల తరబడి సాగింది. అణు నౌకాదళ పితామహుడు అడ్మిరల్ రికోవర్ అణుశక్తితో నడిచే క్రూజర్లలోనే పెట్టాలన్నాడు. ఖర్చు చూసి అమెరికా కాంగ్రెస్ ఒప్పుకోలేదు. చివరికి అప్పటికే తయారవుతున్న స్ప్రూయన్స్ డిస్ట్రాయర్ల దేహం మీద ఏజిస్‌ను ఎక్కించారు. ఆ దేహానికీ ఒక చరిత్ర ఉంది. 1970లో 30 స్ప్రూయన్స్ ఓడల రూపకల్పన, నిర్మాణం మొత్తాన్ని నౌకాదళం లిట్టన్ కంపెనీకి గంపగుత్తగా ఇచ్చింది. ఓడల నమూనాలు గీయడం అంతకుముందు నౌకాదళ సొంత కార్యాలయాల పని. గీసే చెయ్యి మారడం అక్కడ మొదలైంది.

మిసిసిపీ రాష్ట్రంలోని పాస్కగూలాలో ఇంగల్స్ రేవు కట్టిన టైకాండెరోగా 1983 జనవరి 22న విధుల్లో చేరింది. పేరు క్రూజర్, దేహం డిస్ట్రాయర్‌ది. బరువైన రాడార్ ముఖాలను ఎత్తులో పెట్టాలి, పైన బరువు పెరిగితే ఓడ ఒరుగుతుంది. అందుకని పై కట్టడాన్ని అల్యూమినియంతో చేశారు. తర్వాతి ఏళ్లలో ఆ అల్యూమినియంలో పగుళ్లు పుట్టి నౌకాదళాన్ని విసిగించాయి. ఈ తరగతిలో 27 ఓడలు కట్టారు. 1986లో వచ్చిన బంకర్ హిల్ నుంచి క్షిపణులను నిలువు గొట్టాల్లోంచి వదిలే మార్క్-41 ఏర్పాటు వచ్చింది. దాన్ని చేసినది మార్టిన్ మారియెటా.

ఏజిస్ కోసమే మొదటి గీత నుంచి గీసిన ఓడ ఆర్లీ బర్క్. ప్రాథమిక రూపకల్పన నౌకాదళానిదే, మెయిన్ రాష్ట్రంలోని బాత్ ఐరన్ వర్క్స్ దాన్ని కట్టింది. నాలుగు రాడార్ ముఖాలూ ఒకే కట్టడం మీదికి వచ్చాయి. 1975లో విమానవాహక నౌకను ఢీకొని కాలిపోయిన బెల్‌నాప్ క్రూజర్ అల్యూమినియం కట్టడం కరిగిపోవడం చూశారు గనుక, ఇక్కడ ఉక్కుకు తిరిగొచ్చారు. 1991 జులై 4న మొదటి ఓడ చేరినప్పుడు ఆ పేరుగల అడ్మిరల్ బర్క్ స్వయంగా అక్కడున్నాడు. ఈ తరగతి ఓడలు ఇప్పటికి 70 దాటాయి, నిర్మాణం ఆగలేదు.

విన్సెన్స్

1988 జులై 3న పర్షియన్ గల్ఫ్‌లో ఏజిస్ క్రూజర్ విన్సెన్స్ ఇరాన్ ఎయిర్ 655 ప్రయాణికుల విమానాన్ని కూల్చేసింది. 290 మంది చనిపోయారు. వారిలో 66 మంది పిల్లలు, 10 మంది భారతీయులు. ఓడ కంప్యూటర్ టేపులను విచారణాధికారులు తర్వాత పరిశీలించారు. విమానం పైకి ఎగురుతోందని, పౌర విమాన సంకేతం ఇస్తోందని రాడార్ సరిగ్గానే నమోదు చేసింది. పోరాట గదిలోని మనుషులు మాత్రం అది తమ మీదికి దిగుతున్న ఇరాన్ యుద్ధవిమానమని నమ్మారు. ఎత్తు పెరుగుతోందా తగ్గుతోందా అన్నది పెద్ద తెరల మీద నేరుగా కనిపించేది కాదు. చిన్న తెరల మీద అంకెలు చూసి పోల్చుకోవాలి. అప్పటికే ఇరాన్ పడవలతో కాల్పులు జరుగుతున్న ఆ గదిలో ఆ పోలిక తప్పింది.

యంత్రం సరిగ్గానే పనిచేసిందని చెప్పి దీన్ని ముగించేవాళ్లున్నారు. నాకది ఒప్పుదల కాదు. మనిషి ఒత్తిడిలో చూసే తెర కూడా పోరాట వ్యవస్థలో భాగమే. రాడార్‌కు తెలిసిన నిజం మనిషికి చేరకపోతే ఆ వ్యవస్థ తన పని సగమే చేసినట్టు. తెరల అమరికను మార్చాలని విచారణ నివేదిక కూడా సూచించింది.

బోర్డు మారింది, మనుషులు మారలేదు

1986లో జనరల్ ఎలక్ట్రిక్ ఆర్‌సీఏను కొన్నది. 1993లో దాని రక్షణ విభాగం మార్టిన్ మారియెటాకు వెళ్లింది. ప్రచ్ఛన్న యుద్ధం ముగిసి బడ్జెట్లు తగ్గుతున్న ఆ ఏడాదే అమెరికా రక్షణశాఖ కంపెనీ పెద్దలను భోజనానికి పిలిచి, ఇంతమందిని పోషించలేమని, కలిసిపొమ్మని చెప్పింది. 1995లో లాక్‌హీడ్, మార్టిన్ మారియెటా విలీనమయ్యాయి. మూర్స్‌టౌన్ గేటు మీద తొమ్మిదేళ్లలో మూడుసార్లు పేరు మారింది. లోపల అదే రాడార్, అదే సాఫ్ట్‌వేర్, చాలావరకు అదే ఇంజనీర్లు. లాక్‌హీడ్ ఏజిస్‌ను కనిపెట్టలేదు, వారసత్వంగా పొందింది.

ఓడ మొత్తం అప్పగిస్తే

2000 దశకంలో అమెరికా ప్రభుత్వం ఒక అడుగు ముందుకేసింది. ఏం కావాలో చెప్తాం, ఎలా చేయాలో మీరే తేల్చండి అని మొత్తం బాధ్యతను కంపెనీలకు వదిలింది. తీరరక్షక దళం 2002లో తన నౌకల ఆధునికీకరణను లాక్‌హీడ్, నార్త్‌రప్ గ్రమ్మన్ ఉమ్మడి సంస్థకు ఇచ్చింది. 110 అడుగుల గస్తీ పడవలు ఎనిమిదింటిని 123 అడుగులకు పొడిగించారు. వాటి దేహాలు వంగి, పగిలి, 2006 నవంబరులో ఎనిమిదింటినీ పక్కన పెట్టవలసి వచ్చింది. మరుసటి ఏడాది తీరరక్షక దళం పెత్తనాన్ని వెనక్కి తీసుకుంది.

ఇంతకంటే పెద్ద పరీక్ష తీరప్రాంత పోరాట నౌక. తీరం దగ్గర, లోతు తక్కువ నీళ్లలో, వేగంగా తిరిగే చిన్న ఓడ. ఇవాళ మందుపాతరలు ఏరే పరికరాలు, రేపు జలాంతర్గాముల వేట పరికరాలు బిగించుకునేలా ఉండాలి. 2004లో రెండు బృందాలకు కాంట్రాక్టులు ఇచ్చారు. ఒక బృందానికి నాయకత్వం లాక్‌హీడ్‌ది. ఓడ గీతలు గిబ్స్ అండ్ కాక్స్ అనే పేరున్న నౌకాశిల్ప సంస్థవి, నిర్మాణం విస్కాన్సిన్‌లోని మారినెట్ మెరైన్‌ది. పోరాట నిర్వహణ సాఫ్ట్‌వేర్ కాంబాట్స్-21 లాక్‌హీడ్ సొంతది, ఏజిస్ నుంచి తీసుకున్న భాగాలతో చేసింది.

మొదటి ఓడ ఫ్రీడమ్ 2006 సెప్టెంబరులో మెనామినీ నదిలోకి పక్కవాటుగా జారింది, 2008 నవంబరులో మిల్వాకీలో విధుల్లో చేరింది. 40 నాట్లకు పైగా వేగం. ఆ వేగమే దాని పాలిట శాపమైంది. డీజిల్ ఇంజన్లను, గ్యాస్ టర్బైన్లను కలిపి నీటిని వెనక్కి చిమ్మే పంపులను నడపడానికి క్లిష్టమైన గేర్‌బాక్సు కావలసి వచ్చింది. 2015 నవంబరులో చేరిన మిల్వాకీ మూడు వారాలకే దారిలో ఆగిపోయింది, దాన్ని వేరే ఓడ లాక్కెళ్లింది. కలిపే గేర్‌లో లోపం తరగతి మొత్తానిదని తేలి, 2021 జనవరిలో నౌకాదళం కొత్త ఓడలు తీసుకోవడం ఆపింది.

ఖర్చూ గాడి తప్పింది. ఒక్కో ఓడకు 22 కోట్ల డాలర్లని మొదట అనుకున్నది రెండింతలు దాటింది. గీతలు పూర్తికాకముందే ఉక్కు కోయడం, వాణిజ్య నౌకల నియమాలతో మొదలుపెట్టి మధ్యలో యుద్ధనౌకల నియమాలకు మారడం దానికి కారణాలు. 2007లో మూడో ఓడ కాంట్రాక్టును నౌకాదళం రద్దు చేసి, తర్వాత మళ్లీ ఇచ్చింది. పోటీలో ఒకటే ఎంచుకుంటామన్న నౌకాదళం 2010 డిసెంబరులో రెండు నమూనాలనూ కొన్నది. మార్చి మార్చి బిగించాల్సిన పరికరాలు సమయానికి రాలేదు, జలాంతర్గాముల వేట పరికరాన్ని చివరికి వదిలేశారు. పాతికేళ్లు నడవాల్సిన ఫ్రీడమ్ 2021 సెప్టెంబరులో విశ్రాంతికి వెళ్లింది. 2018లో చేరిన సూ సిటీ అయిదేళ్లు నిండకముందే, 2023లో సెలవు తీసుకుంది.

తప్పంతా కంపెనీది అనడం న్యాయం కాదు. 40 నాట్ల వేగం కోరింది నౌకాదళమే. కానీ 1970లో మేయర్ లాంటి మనిషి కూర్చున్న కుర్చీ ఈసారి ఖాళీగా ఉంది. 1990లలో నౌకాదళం తన రూపశిల్పులను భారీగా తగ్గించుకుంది. ఈ వేగానికి ఈ గేర్ ఆగదు, ఇంత కోరిక మానుకోండి అని రెండు వైపులా చెప్పగల స్థాయి ఇంజనీరు కొనేవాడి పక్కన లేకపోయాడు.

మన దారి

టైకాండెరోగా చేరిన 1983లోనే, డిసెంబరు 10న, భారత నౌకాదళంలో గోదావరి ఫ్రిగేట్ చేరింది. బ్రిటిష్ లియాండర్ నమూనాను పెంచి, మన నౌకాదళ సొంత రూపశిల్పులు గీసిన ఓడ అది. సోవియట్ క్షిపణులు, ఇటలీ కంప్యూటర్ వ్యవస్థ, భారత్ ఎలక్ట్రానిక్స్ రాడార్లు, రెండు సీకింగ్ హెలికాప్టర్లు ఒకే దేహంలో ఒదిగాయి. ఒకదాని భాష ఇంకోదానికి తెలియని పరికరాలను కలపడం నేర్చుకున్నది కంపెనీ కాదు, నౌకాదళమే. ఇక్కడ గీసే చెయ్యి ఇప్పటికీ నౌకాదళానిదే, భారత్ ఎలక్ట్రానిక్స్, భారత్ డైనమిక్స్ (బీడీఎల్) లాంటి సంస్థలు దానికి పరికరాలు అందిస్తాయి. 2021లో చేరిన విశాఖపట్నం డిస్ట్రాయర్‌లో ఇజ్రాయెల్‌తో కలిసి రూపొందించిన మధ్యశ్రేణి క్షిపణుల కూర్పు హైదరాబాద్ బీడీఎల్‌ది. నౌకాదళ ఓడలకు వరుణాస్త్ర టార్పెడోను రూపొందించినది విశాఖలోని నౌకాదళ విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాల.

ఏజిస్ నేడు

ఈలోగా ఏజిస్ పని పెరిగింది. 2008 ఫిబ్రవరిలో లేక్ ఎరీ క్రూజర్ అదుపు తప్పిన అమెరికా గూఢచారి ఉపగ్రహాన్ని కక్ష్యలోనే పగలగొట్టింది. రొమేనియాలోని దెవెసెలులో 2016లో, పోలండ్‌లోని రెజికోవోలో 2024లో నేల మీది ఏజిస్ కేంద్రాలు పనిలోకి వచ్చాయి. మూర్స్‌టౌన్ పొలంలోని ఓడకు అవి దగ్గరి చుట్టాలు. 2023 అక్టోబరు 19న ఎర్ర సముద్రంలో కార్నీ డిస్ట్రాయర్ యెమెన్ నుంచి వచ్చిన క్షిపణులను, డ్రోన్లను గంటల తరబడి కూల్చింది. జపాన్, స్పెయిన్, నార్వే, దక్షిణ కొరియా, ఆస్ట్రేలియా నౌకలూ ఈ వ్యవస్థతోనే తిరుగుతున్నాయి. నార్వే ఏజిస్ ఫ్రిగేట్ హెల్గె ఇంగ్‌స్టాడ్ మాత్రం 2018 నవంబరులో చమురు ఓడను ఢీకొని మునిగింది. దానికి శత్రువు అవసరం లేకపోయింది.

అమెరికాలో లాక్‌హీడ్ పట్టు కాస్త సడలింది. కొత్త డిస్ట్రాయర్ల రాడార్ ఎస్పీవై-6 కాంట్రాక్టు 2013లో రేథియాన్‌కు వెళ్లింది, 2023లో చేరిన జాక్ లూకస్ నుంచి అదే వాడుతున్నారు. ఏజిస్ సాఫ్ట్‌వేర్, అనుసంధానం మాత్రం లాక్‌హీడ్ దగ్గరే ఉన్నాయి. రాడార్ పోటీలో ఓడిన సంస్థ తన ఎస్పీవై-7ను స్పెయిన్, జపాన్, కెనడాలకు అమ్మింది. కెనడా కొత్త డిస్ట్రాయర్లలో దేహం బ్రిటిష్ టైప్-26 నమూనా, కట్టేది హాలిఫాక్స్‌లోని ఇర్వింగ్ రేవు, రూపకల్పన బృందానికి పెద్ద లాక్‌హీడ్ మార్టిన్ కెనడా, లోపల ఏజిస్. మన గోదావరి లాగే వాటికీ నదుల పేర్లే పెట్టారు. మొదటి మూడింటి పేర్లు ఫ్రేజర్, సెయింట్ లారెంట్, మెకంజీ.